రంగు పోయింది సరే: ఐదు మూలికల ప్రాజెక్టు డైరీ

నవంబర్ 8

టైటిల్ ఫిక్స్ అయింది ఇవాళ. సంప్రదాయ వైద్యంలో వాడే ఐదు మొక్కల యాంటీఆక్సిడెంట్ గుణాలు (అంటే ఆక్సీకరణంతో పదార్థాలు పాడవకుండా ఆపే గుణం), పోలిక. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఫైనలియర్‌లో ఇలాంటి టైటిల్ లేని బ్యాచ్ ఉండదని సీనియర్లు నవ్వారు గానీ ఏం చేస్తాం, ల్యాబ్‌లో ఉన్నది ఒక స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం రంగు ఎంత ముదురుగా ఉందో కొలిచే మీటర్), బడ్జెట్ మా జేబులోంచే, అందుకే అందరూ ఇదే చేస్తారు. నేను, నా పార్టనర్, ఇద్దరమే. తను విజయవాడ నుంచి రోజూ రైల్లో గుంటూరు వస్తది, నాది కొరిటెపాడు.

మొక్కలు ఏవి తీసుకోవాలా అని ఇంటికొచ్చి నాయనమ్మని అడిగా. "నాయనమ్మా, మంచి మందు మొక్కలు ఓ ఐదు చెప్పు" అంటే ముందు చేటలో బియ్యం పక్కన పెట్టి, "ఏ రోగానికే?" అంది. రోగానికి కాదు, ఊరికే, ఏది ఎక్కువ మంచిదో చూద్దామని అన్నా. "రోగం చెప్పకుండా మందేందే, పిచ్చిమొహమా" అని తిట్టి, తర్వాత తనే పద్నాలుగు పేర్లు చెప్పింది. నల్లేరు, ఉత్తరేణి, గుంటగలగర, అటికమామిడి, ఇంకా ఏవేవో. అందులోంచి దొరికేవి, మేము గుర్తుపట్టగలిగేవి ఐదు తీసుకున్నాం: ఉసిరికాయ, కరక్కాయ, నేల ఉసిరి, మునగాకు, తిప్పతీగ.

నవంబర్ 16

కార్తీక మాసం కాబట్టి ఉసిరికాయలకి ఢోకా లేదు, రైతు బజార్‌లో గుట్టలు పోసున్నాయి, కిలో తెచ్చా. మునగాకు పక్కింటి చెట్టుది, అడిగితే కొమ్మే విరిచిచ్చారు. తిప్పతీగ మా వీధి చివర వేపచెట్టుకి పాకి ఉంది, కాండం బొటనవేలంత లావున్నవి కోసుకున్నా. గోరుతో పైన పల్చటి పొర గీకితే లోపల పచ్చగా కనిపిస్తది, అదే గుర్తు అని నాయనమ్మ చెప్పింది. కరక్కాయలు పట్నంబజారులో.

నేల ఉసిరి దగ్గర దెబ్బ తిన్నాం. ఒక మూలికల కొట్లో (పేరు అనవసరం) ఎండిన కట్ట కొన్నాం, దాన్ని బోటనీ సార్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన పేపర్ పరిచి, కట్ట విప్పి, ఒక్కో రెమ్మ తీసి రెండు కుప్పలు పెట్టడం మొదలెట్టారు. ఏమీ మాట్లాడట్లేదు. పది నిమిషాల తర్వాత "ఇది మీరనుకునే ఫిలాంథస్ అమారస్, ఇది కాదు" అన్నారు. రెండో కుప్పలో కాడ కాస్త ఎర్రగా ఉంది, కాయ మీద వేలు పెడితే గరుకుగా తగుల్తోంది, అది ఫిలాంథస్ యూరినేరియా అంట. రెండింటికీ ఆకు కిందే కాయలు వరసగా ఉంటాయి, ఎండబెట్టి నలిపాక అచ్చం ఒకేలా ఉంటాయి. పొడి కొట్టించి కొనుంటే జన్మలో తెలిసేది కాదు.

కొట్టు కట్ట పక్కన పడేసి, ఇంటి వెనక ఖాళీ సైట్లో పచ్చివి పీక్కొచ్చి, సార్‌తో ఓకే అనిపించుకుని, ఒక మొక్కని వేళ్ళతో సహా పేపర్‌లో అదిమి పెట్టాం. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి.

నవంబర్ 25

ఎండబెట్టడం. దీని గురించి రాయడానికేం లేదు, డాబా మీద నీడన పాత చీర పరిచి ఆరబోశాం, మూడో రోజు వాన, మునగాకు బూజు పట్టింది, మళ్ళీ తెచ్చి ఈసారి ఫ్యాన్ కింద. ఉసిరికాయ ముక్కలు మాత్రం వారం పట్టినా ఇంకా మెత్తగానే ఉన్నాయి, చివరికి ల్యాబ్ ఓవెన్‌లో 40 డిగ్రీల దగ్గర పెట్టాం.

కరక్కాయ కొట్టేటప్పుడు మిక్సీ జార్ బ్లేడు పోయింది. అమ్మకి ఇంకా చెప్పలా.

డిసెంబర్ 4

ఒక్కో పొడి 10 గ్రాములు, 100 మిల్లీలీటర్ల మిథనాల్‌లో మూడు రోజులు నానబెట్టి, అప్పుడప్పుడూ ఊపుతూ, వాట్‌మన్ ఫిల్టర్ పేపర్‌లో వడగట్టి, మిథనాల్ ఎగరగొట్టేసి అడుగున మిగిలిన జిగురు తూకం వేయాలి. చెప్పుకోడానికి ఇంతే.

మేము చేసిన ఘనకార్యం ఏంటంటే సీసాల మీద మార్కర్‌తో పేర్లు రాశాం. మిథనాల్ ఒలికింది, చేత్తో తుడిచా, పేరు కూడా తుడుచుకుపోయింది. మునగాకు, నేల ఉసిరి, రెండూ ముదురాకుపచ్చ, ఏది ఏదో ఎవరికి తెలుసు. వాసన చూసి చెప్దామని నా పార్టనర్ సీసా ముక్కు దగ్గరికి తీసుకెళ్తుంటే ల్యాబ్ అటెండర్ బాబాయి అరిచాడు, "అమ్మా అది మిథనాల్, సెంటు కాదు". రెండూ పారబోసి మళ్ళీ నానబెట్టాం. మూడు రోజులు గోవిందా. ఇప్పుడు కాగితం మీద పెన్సిల్‌తో రాసి పైన టేప్ వేస్తున్నాం, పెన్సిల్ గీత మిథనాల్‌కి కరగదు. ఈ ముక్క ఏ పేపర్లోనూ రాయరెందుకో.

డిసెంబర్ 11

డీపీపీహెచ్ మొదటి రోజు. పూర్తి పేరు డైఫినైల్ పిక్రిల్ హైడ్రజిల్. చిన్న నల్లటి పొడి, చూడ్డానికి కాటుకలా ఉంటది, 3.94 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్ల మిథనాల్‌లో వేస్తే నేరేడుపండు తిన్న నాలుక రంగు వస్తది. అదే 0.1 మిల్లీమోలార్, అంటే లీటర్‌కి 0.1 మిల్లీమోల్ (మోల్ అంటే అణువుల్ని లెక్కపెట్టే కొలత). మామూలుగా ఫ్రీ రాడికల్స్ అంటే పుట్టీ పుట్టగానే దేనితోనో ఒకదానితో కలిసిపోతాయి, చేతికి దొరకవు, ఇది మాత్రం సీసాలో బుద్ధిగా కూర్చునే రాడికల్. ఒక ఎలక్ట్రాన్ జత లేకుండా ఉంటది. మన మొక్కలోని ఫినాల్ (హైడ్రోజన్ తేలిగ్గా ఇచ్చే రకం పదార్థం) లాంటిది ఏదైనా ఒక హైడ్రోజన్ ఇచ్చిందనుకోండి, ఊదా పోయి లేత పసుపు అవుద్ది. ఎంత రంగు పోయిందో మీటర్‌లో 517 నానోమీటర్ల కాంతి దగ్గర చదువుకోవడమే, నంబర్ ఎక్కువుంటే రంగు ఎక్కువున్నట్టు. 1958లో బ్లోయిస్ అనే ఆయన నేచర్ పత్రికలో రాసిన పద్ధతి, ఇప్పటికీ అదే, మా లాంటి బీద ల్యాబులన్నీ దీని మీదే బతుకుతున్నాయి.

మా లెక్క: ట్యూబ్‌లో 2 మిల్లీలీటర్లు డీపీపీహెచ్, 1 మిల్లీలీటర్ శాంపిల్, అరగంట చీకట్లో. చీకటికి అల్మారాలో పెట్టి తలుపు వేశాం. శాంపిల్ బదులు ఉత్త మిథనాల్ పోసిన కంట్రోల్ ట్యూబ్ 0.77 చూపించింది, బానే ఉంది. పోల్చడానికి విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆసిడ్. రంగు సగం పోవడానికి ఎంత కావాలో అదే ఐసీ50, తక్కువుంటే గొప్ప. ఇది తలకిందులుగా ఉండటం వల్ల మేమిద్దరం రోజుకొక్కసారైనా తికమకపడతాం.

మాకు విటమిన్ సి ట్యూబ్‌కి సుమారు 50 మైక్రోగ్రాములు కావాల్సొచ్చింది. మిల్లీలీటర్‌కి ఎంతో లెక్క వేసుకుని, చదివిన పేపర్లలో కూడా అటూ ఇటూ ఇలాంటి నంబర్లే కనిపించాయి కాబట్టి హాయిగా రాసేసుకుని మా గైడ్ మేడం దగ్గరికి వెళ్ళాం.

మేడం చూసి ఒక్క మాట అడిగారు. "ట్యూబ్‌లో డీపీపీహెచ్ ఎన్ని మోల్స్ ఉంది?"

ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

డిసెంబర్ 12

రాత్రి కూర్చుని కాగితం మీద వేశా. 2 మిల్లీలీటర్లు, 0.1 మిల్లీమోలార్, అంటే 0.2 మైక్రోమోల్స్. ఒక విటమిన్ సి అణువు రెండు హైడ్రోజన్లు ఇస్తుంది, అంటే రెండు డీపీపీహెచ్‌లని చల్లారుస్తది. మొత్తం రంగు పోవాలంటే 0.1 మైక్రోమోల్ చాలు. విటమిన్ సి అణుభారం 176, కాబట్టి 17.6 మైక్రోగ్రాములు. సగం పోడానికి 8.8. అంతే. మాకు 50 వచ్చిందంటే విటమిన్ సి దెబ్బతిన్నదన్నా అయ్యుండాలి, మేమన్నా వెధవలమై ఉండాలి.

రెండూ నిజమే. ద్రావణం ముందురోజు పొద్దున చేసి, తెల్ల సీసాలో కిటికీ పక్కన పెట్టాం. పైగా ఆ విటమిన్ సి డబ్బా ఎప్పటిదో, పొడి తెల్లగా ఉండాల్సింది పసుపు తిరిగింది. గాలి తగిలి అదే ఆక్సీకరణం అయిపోయింది. యాంటీఆక్సిడెంట్ అంటే అర్థమే అది గదా, ముందు తను పాడవ్వడం. కొత్త డబ్బా తెరిచి అప్పటికప్పుడు కలిపి పెడితే 9.3 వచ్చింది. మేడం తల ఊపారు. నాకైతే మొత్తం ప్రాజెక్టులో ఇదే గొప్ప రోజు, మా నంబర్ కాగితం మీద లెక్కకి అంత దగ్గరగా వస్తుందని నేను అనుకోలా.

ఇంకోటి. ఐసీ50 అనేది ట్యూబ్‌లో ఎంత డీపీపీహెచ్ పోశామో దాని మీదే ఆధారపడుతుంది కదా, వాళ్ళు ఎక్కువ పోస్తే ఎక్కువ వస్తది. ఆ సంగతి రాయకుండా మా మొక్క వాళ్ళ మొక్క కంటే రెండింతలు గొప్ప అని పోల్చేస్తే అది కొలత కాదు, కబుర్లు. ఇప్పుడు ఏ పేపర్ తెరిచినా ముందు విటమిన్ సి నంబరే చూస్తున్నా.

డిసెంబర్ 19

ఐదు మొక్కల మిథనాల్ సారాలూ అయిపోయాయి, మూడేసి సార్లు. కరక్కాయ ఫస్ట్. ఉసిరికాయ దాని వెనకే. నేల ఉసిరి మూడోది, మునగాకు బాగా వెనక, తిప్పతీగ అట్టడుగు.

కరక్కాయ, ఉసిరి ముందుండటంలో వింతేం లేదు, రెండూ నమిలితే నోరు వగరుతో పిడచగట్టుకుపోతుంది గదా, ఆ వగరే టానిన్లు. కరక్కాయలో చెబ్యులాజిక్, చెబ్యులినిక్ ఆసిడ్లు ఉంటాయి, ఒక్కో అణువుకి బోలెడు ఫినాల్ చేతులు, ఒక్కోటి ఒక్కో హైడ్రోజన్ విసురుతుంది. ఉసిరిలో విటమిన్ సి తో పాటు టానిన్లు కూడా పని చేస్తాయి, అందరూ విటమిన్ సి ఒక్కదాని పేరే చెప్తారు.

మునగాకు, నేల ఉసిరి సారాలు పచ్చగా ఉంటాయి, ఆ పత్రహరితం కూడా మీటర్‌కి రంగుగానే కనిపిస్తుంది, అందుకని డీపీపీహెచ్ లేకుండా ఉత్త సారం ట్యూబ్ ఒకటి పక్కన పెట్టి దాని రీడింగ్ తీసెయ్యాలి. మొదటిరోజు తీసెయ్యలా. అందుకే మునగాకు మరీ హీనంగా కనిపించింది.

తిప్పతీగ చూసి నా పార్టనర్ డల్ అయింది. వాళ్ళింట్లో కరోనా అప్పుడు రోజూ తాగారంట.

జనవరి 15

సంక్రాంతి సెలవులు. భోగి రోజు అరిసెలు వత్తుతూ నాయనమ్మకి మొత్తం కథ చెప్పా, తను అన్నీ విని, "దేన్లో నానబెట్టారన్నావు?" అంది. మిథనాల్, స్పిరిట్ లాంటిది అన్నా.

"అది తాగితే కళ్ళు పోతాయి గందే."

పోతాయి. మిథనాల్‌తో నిజంగానే పోతాయి.

"మరి నేను చెప్పింది నీళ్ళలో మరగబెట్టే కషాయం. నాలుగు గ్లాసులు ఒక గ్లాసు కావాలి. మీరు ఏదో స్పిరిట్లో ఊరేసి తిప్పతీగలో ఏం లేదంటే ఎట్టా? అది నా మందు కాదు, మీ మందు."

ఒక అరిసె మాడింది ఈ గొడవలో. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. మేమెవరం అడగనేలేదు ఈ ప్రశ్న, అన్ని పేపర్లలో మిథనాల్ అని ఉంది కాబట్టి మిథనాల్. ఫోన్ చేసి చెప్తే నా పార్టనర్ "ఏంటే, మళ్ళీ మొదట్నించీనా" అని ఏడ్చినంత పని చేసింది. మేడం మాత్రం వెంటనే ఒప్పుకున్నారు, ప్రాజెక్టులో ఇప్పుడు ఒక ప్రశ్న ఉంది అన్నారు. ఇన్నాళ్ళూ లేదన్నమాట.

జనవరి 21

కషాయాల రౌండ్. అవే పొడులు 10 గ్రాములు, 400 మిల్లీలీటర్ల నీళ్ళు, 100 అయ్యేదాకా సన్న సెగ మీద. ల్యాబ్ మొత్తం వంటిల్లు వాసన, పక్క ల్యాబ్ వాళ్ళు వచ్చి టీ ఉందా అని అడిగారు.

కంట్రోల్‌లో కూడా ఈసారి మిథనాల్ బదులు నీళ్ళు పోయాలి, డీపీపీహెచ్ నీళ్ళలో సరిగా కరగదు, మిథనాల్ ఎక్కువ ఉంటేనే నిలబడుతుంది. 2 మిల్లీలీటర్లు మిథనాల్‌ది, 1 నీళ్ళది, ఈ పాళ్ళలో ఇబ్బంది లేదు. కంట్రోల్ 0.75.

కరక్కాయ కషాయం అదిరిపోయింది, పోసిన నిమిషానికే పసుపు. ఉసిరి కూడా. తిప్పతీగ పోసి అరగంట తర్వాత చూస్తే 0.84. కంట్రోల్ కంటే ఎక్కువ! లెక్క వేస్తే మైనస్ 12 శాతం. అంటే రంగు పోవడం కాదు, పెరిగింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ అంతే. మీటర్ పాడైందేమో అని బాబాయిని పిలిస్తే, ఆయన ట్యూబ్ లైట్ ముందు పెట్టి చూసి, "ఇది మజ్జిగ్గా ఉందేంటమ్మా" అన్నాడు.

నిజమే, పల్చటి మజ్జిగ లాగ మసకగా ఉంది. కషాయం అయితే తేటగానే ఉండింది గదా! మిథనాల్ తగలగానే ఏదో విరిగింది. ఏంటది?

జనవరి 26

ఇది అనుకోకుండా దొరికింది, రాస్తుంటే ఇంకా నవ్వొస్తోంది.

సెలవు కదా, నాయనమ్మకి మేం చేసేది కళ్ళకి కట్టినట్టు చూపిద్దామని వంటింట్లో పెట్టా. డీపీపీహెచ్ ఇంటికి తేలేం కాబట్టి బెటాడిన్ తీసుకున్నా, మోకాలు చీరుకుంటే రాసే అదే. గ్లాసు నీళ్ళలో నాలుగు చుక్కలు బెటాడిన్, చెంచాడు అన్నం గంజి. గంజిలో పిండి, అయోడిన్ కలిస్తే ముదురు నీలం వస్తుందని స్కూల్లోనే చెప్తారు గదా. అందులో ఉసిరికాయ పిండితే విటమిన్ సి అయోడిన్‌ని అయొడైడ్‌గా మార్చేస్తది, నీలం మాయం.

పిండా. ఐదారు చుక్కలకే గ్లాసు తేటగా అయిపోయింది. అమ్మ నోరు తెరిచి చూసింది. నాయనమ్మ గ్లాసు ఎత్తి చూసి కింద పెట్టి, "రంగు పోయింది సరే. జ్వరం పోద్దా?" అంది.

నేనేం మాట్లాడలా. తర్వాత కరక్కాయ కషాయం, అదీ రంగు పోగొట్టింది. ఇక తిప్పతీగ వంతు. పొద్దున నాయనమ్మ తన కోసం కాచుకున్న కషాయం గిన్నెలో ఉంది, ఈ గంజి తంటా ఎందుకని ఉత్త బెటాడిన్ నీళ్ళలో రెండు చెంచాలు పోశా, పసుపు రంగు ఎంత తగ్గుద్దో చూద్దామని.

నీలమైంది.

గంజి పోయలేదు. అయినా నీలం, ఇంకు పోసినట్టు. అమ్మా నేనూ ఒకరినొకరు చూసుకున్నాం, గ్లాసు కడగలేదేమో అని కొత్త గ్లాసులో మళ్ళీ చేశా, మళ్ళీ నీలం. నాయనమ్మకే ఏ వింతా లేదు. "తిప్పసత్తు ఉంటది గందే దాంట్లో" అంది. మా చిన్నప్పుడు కాండం దంచి నీళ్ళలో పిసికి వడగట్టి రాత్రంతా కదలకుండా ఉంచితే అడుగున తెల్లగా పేరుకునేది, ఎండబెట్టి డబ్బాలో పెట్టేవాళ్ళు అని చెప్పింది. ఆ తెల్లది ఏంటి? పిండి. స్టార్చ్. మరగబెడితే గంజిలా నీళ్ళలో కలిసిపోద్ది, కషాయం తేటగానే కనిపిస్తది, మిథనాల్ పడగానే స్టార్చ్ కరగలేక విరిగిపోతుంది. మజ్జిగ!

వెంటనే నా పార్టనర్‌కి వీడియో కాల్ చేసి నీలం గ్లాసు చూపించా. తను అరిచిన అరుపుకి వాళ్ళ నాన్నగారు లేచొచ్చారు.

జనవరి 30

తిప్పతీగ కషాయానికి ముందే మిథనాల్ కలిపి, అరగంట ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున తెల్లటి ముద్ద దిగింది. పై తేట తీసుకుని, డైల్యూషన్ లెక్క సరిచూసుకుని పెడితే 0.62, డీపీపీహెచ్ లేని ట్యూబ్ 0.01, అంటే దాదాపు 19 శాతం రంగు పోయింది. మొన్నటి మసక ట్యూబ్‌కి కూడా డీపీపీహెచ్ లేని జోడీ పెట్టి చూశాం, అది ఒక్కటే 0.21 చూపించింది, 0.84లోంచి అది తీసేస్తే 0.63, అంటే 16 శాతం. దగ్గర దగ్గరగా కలిశాయి. మైనస్ 12 అనేది తిప్పతీగ తప్పు కాదు, మసకది.

తెల్ల ముద్ద మీద బెటాడిన్ చుక్క వేశాం, బాబాయిని పిలిచి మరీ. నల్లగా నీలం. ఆయన ఫోటో తీసుకున్నాడు.

అయినా తిప్పతీగ ర్యాంకు మాత్రం మారలా. కషాయంలోనూ అట్టడుగే. నేను కొంచెం ఆశపడ్డా నాయనమ్మ గెలుస్తుందని, గెలవలేదు. అయితే కరక్కాయకి నీళ్ళైనా మిథనాలైనా పెద్ద తేడా లేదు, ఆ టానిన్లు వేడినీళ్ళలో బాగానే కరుగుతాయి. అంటే మేము కొన్న మిథనాల్‌లో సగం దండగ.

ఇంకో లెక్క కూడా వేశాం, మిల్లీగ్రాముకి కాకుండా మనిషి వాడే మోతాదుకి. కరక్కాయ పొడి ఎవరైనా చిటికెడో అరచెంచానో వేసుకుంటారు, మునగాకు అయితే పప్పులో గుప్పెళ్ళు గుప్పెళ్ళు పోతది. అలా చూస్తే మునగాకు అంత వెనకేం లేదు.

ఫిబ్రవరి 10

ఇంట్రడక్షన్ రాసే పని నాకు పడింది. అందరూ రాసేదే రాశా: ఫ్రీ రాడికల్స్ వల్ల ముసలితనం, కేన్సర్, గుండెజబ్బు వస్తాయి, యాంటీఆక్సిడెంట్లు వాటిని ఆపుతాయి. మేడం ఆ వాక్యం మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టి, "ఆపుతాయని చూపించింది ఎవరు?" అని రాశారు. ఈమె ప్రశ్నలు ఇంతే, ఒక్క లైన్, మూడు రోజుల పని.

చదివితే కథ వేరే ఉంది. 1956లో డెన్హమ్ హార్మన్ అనే ఆయన ముసలితనానికి ఫ్రీ రాడికల్సే కారణం కావచ్చని చెప్పారు, అక్కడి నుంచి ఈ యావ పెరిగింది. మరి అయితే మాత్రలు మింగించి చూద్దామని ఫిన్లాండ్‌లో 29,133 మంది సిగరెట్ తాగే మగవాళ్ళని గుంపులు చేసి, కొందరికి బీటా కెరోటిన్, కొందరికి విటమిన్ ఇ (రెండూ యాంటీఆక్సిడెంట్లే), కొందరికి రెండూ, కొందరికి మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చి ఏళ్ళ తరబడి చూశారు. 1994లో ఫలితం వచ్చింది, బీటా కెరోటిన్ తీసుకున్న వాళ్ళలో లంగ్ కేన్సర్ తగ్గలేదు సరిగదా, 18 శాతం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో పరీక్షని 1996లో మధ్యలోనే ఆపేశారు. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ళు ఏ పండుకి ఎంత యాంటీఆక్సిడెంట్ బలం అని ఒరాక్ అనే పెద్ద పట్టిక పెట్టుకున్నారు, అచ్చం మా ర్యాంకుల లాంటిదే, దాన్ని 2012లో తీసేశారు. ట్యూబ్‌లో వచ్చిన నంబర్‌కీ మనిషి ఒంట్లో జరిగేదానికీ సంబంధం చూపలేకపోతున్నాం, కంపెనీలు చూస్తే దాన్నే అడ్వర్టైజ్‌మెంట్లకి వాడుకుంటున్నాయి అని.

కరక్కాయ టానిన్లు ఎంత పెద్ద అణువులంటే పేగులోంచి ఉన్నవి ఉన్నట్టు రక్తంలోకి పోవడం కష్టం. పేగులో బాక్టీరియా వాటిని ముక్కలు చేసి వేరే పదార్థాలుగా మారుస్తాయి, ఒంట్లోకి పోయేవి ఎక్కువగా అవే. మా ట్యూబ్‌లో బాక్టీరియా లేవు, పేగు లేదు, లివర్ లేదు. తిప్పతీగ అయితే ఇంకో సంగతి, 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడిన ఆరుగురికి లివర్ దెబ్బతిన్నట్టు రాశారు, ఆయుష్ శాఖ దాన్ని ఒప్పుకోలేదు, పెద్ద వాదన నడిచింది. అది చదివాక నాయనమ్మని రోజూ తాగుతున్నావా అని అడిగా. "రోజూ తాగడానికి అది టీయా? జ్వరమొస్తే మూడు పూటలు. మొన్న ఒళ్ళు వెచ్చగా ఉంటే తాగా" అంది. నా పార్టనర్ వాళ్ళింట్లో నెలల తరబడి తాగారు. ఎవరిది సంప్రదాయమో మరి.

ఇంట్రడక్షన్‌లో ఒకటి మాత్రం నా సరదా కోసం ఉంచా. విటమిన్ సి ని దండిగా వేరు చేసి తీసింది దేంట్లోంచో తెలుసా, మిరపకాయల్లోంచి! హంగరీలో సెగెడ్ అనే ఊళ్ళో సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రవేత్త, అక్కడి పాప్రికా మిరప నుంచి. 1937లో నోబెల్ వచ్చింది ఆయనకి. మిర్చి యార్డు ఘాటుకి తుమ్ముకుంటూ పెరిగిన ఊరోళ్ళం, మాకు ఈ ముక్క ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు.

ఫిబ్రవరి 18

మొత్తం ఫినాల్స్ పరీక్ష. ఫోలిన్ సియోకాల్టో రియేజెంట్, 1927 నాటిది, ఫినాల్ తగిలితే నీలం అవుద్ది, సోడియం కార్బొనేట్ కలిపి ఆ నీలాన్ని 765 నానోమీటర్ల దగ్గర చదవాలి. పోల్చుకోవడానికి గాలిక్ ఆసిడ్, అదొక ఫినాల్. రెండు రోజుల్లో అయిపోయింది, ఇప్పుడు చేతులు తిరిగాయి. ఉసిరి నంబర్ ఎక్కువ వచ్చింది గానీ దాన్ని ఉన్నదున్నట్టు నమ్మకూడదు, విటమిన్ సి కూడా ఈ రియేజెంట్‌ని నీలం చేస్తది, ఫినాల్ కాకపోయినా. ఆ ముక్క పట్టిక కింద రాశాం.

ఫిబ్రవరి 26

డ్రాఫ్ట్ ఇచ్చేశాం. మేడం ర్యాంకుల పట్టికకి అభ్యంతరం చెప్పలేదు, కానీ పక్కన ఒక కాలమ్ ఖాళీగా గీసి, ఇంట్లో దేనికి వాడతారో రాయమన్నారు. నాయనమ్మ దగ్గర కూర్చుని రాసుకున్నా. కరక్కాయ, విరేచనం సాఫీగా కావడానికి, దగ్గుకి బుగ్గన పెట్టుకోడానికి. నేల ఉసిరి, పచ్చకామెర్లకి. తిప్పతీగ, జ్వరానికి. మునగాకు, బాలింతకి పాలు పడటానికి. ఉసిరి దగ్గర ఆగింది కాసేపు, "అది తిండే, మందేంది" అంది. ఆ ఐదు గడుల్లో ఒక్కదానికి కూడా మా 517 నానోమీటర్ల దగ్గర రీడింగ్ లేదు, మేము కొలిచింది వేరే. వైవాలో ఇదే అడుగుతారని నాకు తెలుసు, నా పార్టనర్ అయితే ఆ కాలమ్ తీసేద్దాం, మనకెందుకు అంటోంది. ఉంచుదాం అన్నా. రేపు మళ్ళీ కొట్టుకోవాలి దీని మీద.

అన్నీ సర్దుతుంటే మిగిలిన డీపీపీహెచ్ సీసా కనిపించింది, ఫాయిల్ ఊడిపోయి ఉంది. రంగు సగానికి పైగా దిగిపోయింది, ఏ మూలికా వేయకుండానే.

ఇంటికొచ్చాక నాయనమ్మ అడిగింది, "కిలో ఉసిరికాయలు తీసుకెళ్ళావు, మిగిలినవేం చేశారే?" ల్యాబ్ ఫ్రీజర్‌లో ఉన్నాయి అన్నా. "పట్రా, నాలుగు కాయలైనా పచ్చడి పెడతా." ఆ ఫ్రీజర్‌లో ఇంకా ఏమేం పెడతారో చెప్తే తను ఈ జన్మలో మా కాలేజీ వైపు చూడదు. సీజన్ అయిపోవస్తోంది, రేపు పొద్దున్నే రైతు బజార్‌కి వెళ్ళి చూడాలి, దొరికితే రెండు కిలోలు. వచ్చేటప్పుడు మిక్సీకి కొత్త బ్లేడు కూడా.